మిద్దె మీది గోనెపట్ట

మొన్న మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తేవడానికి మిద్దె ఎక్కాను. ఏప్రిల్‌లో కర్నూలు ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ వయసులో ఆ వేళప్పుడు పైకి పోవద్దని మా ఆవిడ రోజూ చెబుతూనే ఉంటుంది, కానీ ఆమె మోకాళ్ళ కంటే నా మోకాళ్ళే కాస్త నయం గనుక ఆ పని నా వంతుకు వచ్చింది. పైకి వెళ్ళి చూస్తే పక్కింట్లో కొత్తగా దిగిన దంపతుల్లో ఆ అబ్బాయి తమ ఏసీ బయటి పెట్టెకు తడి గోనెపట్ట చుట్టి పురికొసతో బిగించి కడుతున్నాడు. విప్పెయ్యి నాయనా అని పిట్టగోడ దగ్గరికి పోయి గట్టిగానే అరిచాను. అతను నవ్వి, ఏదో వీడియోలో చూశాననీ, ఇలా చుడితే గది ఇంకా చల్లబడుతుందనీ, కరెంటు కూడా మిగులుతుందనీ నాకే పాఠం చెప్పాడు. బతుకంతా ఏసీలు బిగించి, విప్పి, బాగుచేసి అన్నం తిన్నవాణ్ణని అతనికేం తెలుసు, ముసలాయన చాదస్తం అనుకుని ఉంటాడు.

కిందికి వచ్చి కూర్చున్నాను. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి, ఎవరితోనో గొడవపడి వచ్చానేమోనన్నట్టు చూసింది. ఆమెకు నా కోపం తెలుసు. నాకు యంత్రాల మీద ఎన్నడూ కోపం రాదు, వాటి గురించి తెలియకుండా మాట్లాడేవాళ్ళ మీదే వస్తుంది. అయితే ఆ మధ్యాహ్నం వచ్చింది కోపం కాదు, భయం. అటువంటి గోనెపట్టను నేను మా మేనత్త ఇంటి మిద్దె మీద చూశాను. ఆ సంగతి మా ఆవిడకు తప్ప ఇన్నేళ్ళలో మరొకరికి చెప్పలేదు. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు గనుక రాస్తున్నాను.

నేను పనిలో కుదురుకున్న కాలంలో మా ఊళ్ళో ఏసీ అంటే సినిమా హాలు, బ్యాంకులో కంప్యూటర్ గది, పెద్ద డాక్టర్ల ఆపరేషన్ గది, అంతే. కిటికీలో ఇరికించే ఆ బరువు పెట్టెల తర్వాత, లోపల ఒకటి బయట ఒకటి ఉండే స్ప్లిట్ ఏసీలు మెల్లమెల్లగా వచ్చాయి. నాకు పని నేర్పిన మేస్త్రి కర్నూలు పాతబస్తీ మనిషి, ఉర్దూలో తిట్టి తెలుగులో బుజ్జగించేవాడు. రాగి గొట్టం అంచున వెంట్రుకంత గీత పడినా కోసి పారేయించేవాడు, గొట్టాల్లోని గాలీ తేమా పంపుతో పూర్తిగా లాగేదాకా గ్యాసు వదలనిచ్చేవాడు కాదు, ప్రతి అతుకుకూ సబ్బు నురగ పూసి బుడగ లేస్తుందేమోనని కళ్ళజోడు పైకెత్తి చూసేవాడు. అంతటి మనిషి కూడా ఒక్క విషయంలో మా సీమవాడే. కొన్ని ఏసీల్లో చల్లదనంతోపాటు వేడి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది, ఆ మీటను మాత్రం ఆయన ఎన్నడూ నొక్కేవాడు కాదు. చల్లగాలి వచ్చిందా, టీ తాగామా, సంచి సర్దుకున్నామా, అంతటితో సరి. కర్నూల్లో ఉండి వేడి కోసం కరెంటు కాల్చే పిచ్చివాడెవడని ఆయన వాదన, దానికి మేమంతా నవ్వేవాళ్ళం. ఆ మీటను నేను మొట్టమొదట నొక్కింది మా మేనత్త ఇంట్లోనే.

ఆమెది డోన్ దాటి లోపలికి పోవలసిన ఊరు. చుట్టూ నాపరాళ్ళ గనులు, ఇళ్ళకు రాతి గోడలు, పైన మట్టి మిద్దెలు. అటువంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళకు తెలిసిందే గానీ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దూలాల మీద కట్టెలూ బండలూ పరిచి, వాటి మీద మట్టి తొక్కి, ఏటా వానలకు ముందు తెల్లటి చౌడుమట్టి పోసి చదును చేస్తారు. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులో ఒక రంధ్రం వదులుతారు, దాన్ని గవాచి అంటారు. పైన ఎవరైనా నడిస్తే కింద పడుకున్నవాళ్ళకు ప్రతి అడుగూ వినిపిస్తుంది, సన్నగా మట్టి కూడా రాలుతుంది, అందుకని మంచం మీద పడకుండా కప్పు కింద ఒక పాత చీర కడతారు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండే ఇళ్ళని వాటిని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటారు. ఉంటాయి, ఒళ్ళు బాగున్నవాళ్ళకు ఉంటాయి.

మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఉన్నది ఒక్కడే కొడుకు, నాకు బావ, నాకంటే కాస్త పెద్ద. గనిలో బండలు తీసే పని చేసేవాడు, ఆదివారం వచ్చిందంటే చర్చిలో డోలక్ ముందు కూర్చునేవాడు. వాళ్ళది తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం, ఆ ఊళ్ళో రాతి చర్చి కట్టినప్పుడు రాళ్ళు మోసిన ఇల్లు. బావ డోలక్ మొదలుపెడితే పాస్టరయ్య కూడా ప్రసంగం త్వరగా ముగించేవాడని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. అటువంటి మనిషి ఒకనాడు గని అంచున నిలబడి ఉండగా కాలి కింది బండ విరిగి, లోతుకు పడ్డాడు. మెడ దగ్గర ఎముక దెబ్బతిన్నది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి ప్రాణంతో ఇంటికి వచ్చాడు గానీ మెడ కింది నుంచి కాలి వేలిదాకా ఏదీ అతని మాట వినలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా అత్తనూ నన్నూ కూర్చోబెట్టి ఒక మాట విడమర్చి చెప్పాడు. ఇతనికి ఇకమీద మెడ కింద చెమట పట్టదు, చలివేస్తే ఒళ్ళు వణకదు, గది ఎంత వేడెక్కితే శరీరమూ అంత వేడెక్కుతుంది, గది చల్లబడితే శరీరమూ చల్లబడిపోతుంది. ఎండాకాలంలో జ్వరం లేకుండానే జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది, చలికాలంలోనూ భద్రంగా చూసుకోవాలి, గదిని ఏడాది పొడుగునా ఒకేలా ఉంచగలిగితే ఇతను చాలాకాలం బతుకుతాడు. మా అత్త ఆ మాటల్లో చివరిదొక్కటే పట్టుకుంది. బతుకుతాడని డాక్టరన్నాడని ఊరంతా చెప్పుకుంది.

ఏసీ కొనే శక్తి ఆమెకూ లేదు, నాకూ లేదు. ఆ లోటు కోత పండుగ రోజుల్లో తీరింది. పండిన పంటలో మొదటి భాగం, కోడిపెట్ట, గంపెడు కొర్రలు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి చర్చి వేదిక ముందు పెడతారు, ఆరాధన అయ్యాక అరుగు మీద వాటిని వేలం వేస్తారు. ఆ ఏడు మా అత్త ఒక గుమ్మడికాయ తెచ్చి పెట్టింది. దాన్ని పాడుకున్నవాడు డబ్బు చెల్లించి, కాయను మళ్ళీ వేలానికే ఇచ్చేశాడు. తర్వాతి వాడూ అలాగే చేశాడు. ఆ ఒక్క గుమ్మడికాయ ఊరందరి చేతుల్లోనూ తిరిగి తిరిగి, పొద్దు వాలేసరికి మా బావ గదికి ఏసీ అయ్యింది. ఇప్పటికీ గుమ్మడికాయ కోస్తుంటే నాకు ఆ సాయంత్రం గుర్తుకు వస్తుంది.

మా షాపు యజమాని నేను చలీ వేడీ రెండూ ఇచ్చే రకమే కావాలని పట్టుబడితే నవ్వి, హైదరాబాదు నుంచి తెప్పించి ఇచ్చాడు. చలికాలం మొదట్లో దాన్ని బిగించాను. గోడ మూరెడుకు పైగా మందం, రాయి, దాన్ని తొలవడం మా పనిముట్ల వల్ల కాలేదు. అందుకని రాగి గొట్టాలను గవాచి గుండా పైకి తీసుకుపోయి, మిద్దె మీద నాపబండ పరిచి దాని మీద బయటి పెట్టెను నిలబెట్టాను. మేస్త్రి నేర్పినట్టే గాలి లాగి, సబ్బు నురగ పూసి, గ్యాసు వదిలి, చల్లదనం సరిగ్గా ఉందని చూసుకున్నాక, నా బతుకులో మొదటిసారి వేడి మీట నొక్కాను. మొదట వేడి రాలేదు. చూడగా, గ్యాసు దారిని మళ్ళించే వాల్వుకు పోయే వైరు ఫ్యాక్టరీ నుంచే ఊడి ఉంది. చల్లగాలి చూసుకుని సంచి సర్దుకుని ఉంటే అది బయటపడేది కాదు. వైరు బిగించాక లోపలి పెట్టె మెల్లగా వెచ్చటి గాలి వదిలింది. గుమ్మం బయట నిలబడ్డ ఊరి జనం ఒక్కొక్కరే వచ్చి చేతులు పెట్టి చూసి, పొయ్యి లేకుండా వేడి ఎలా వస్తుందని ఆశ్చర్యపోయారు.

మా అత్త మాత్రం మిద్దె ఎక్కి బయటి పెట్టె ముందు చేయి పెట్టి చూసింది. అక్కడ చల్లగాలి వస్తోంది. ఇదెట్లా అని నన్ను అడిగింది. నాకు తెలిసినదాన్ని ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఈ పెట్టె చలికాలంలో బయట ఉన్న కాస్త వేడిని ఏరి లోపలికి మోసుకుపోతుంది, ఎండాకాలంలో లోపలి వేడిని మోసుకువచ్చి ఇక్కడ పారబోస్తుంది, దాని పని అంతా మోయడమేనన్నాను. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. చదువు రాని మనిషి, కానీ నేను చెప్పింది ఆమె అర్థం చేసుకున్నంత బాగా మా షాపులో కూడా ఎవరూ అర్థం చేసుకోలేదు. తన కొడుకు బాధను మోసే జీవమొకటి మిద్దె మీద ఉందని ఆమె నమ్మింది.

చలికాలంలో ఒక చిక్కు వచ్చింది. గాలి వెచ్చగానే వస్తోంది గానీ గది వెచ్చబడటం లేదని ఫోను చేయించారు. వెళ్ళి గేజీ పెట్టి చూశాను, గ్యాసు సరిగ్గానే ఉంది, వాల్వు సరిగ్గానే ఉంది. అటూ ఇటూ తిరిగి విసుక్కుంటుంటే, పగలంతా పైకప్పును తప్ప మరొకటి చూడలేని మా బావ, కప్పు కింద కట్టిన చీర గొట్టాల దగ్గర పైకి ఉబ్బుతోందని చెప్పాడు. నిజమే. గవాచిలో గొట్టాల చుట్టూ నేను కుక్కిన గుడ్డలు వదులై, వెచ్చగాలి అంతా పైకి పోతోంది. మా అత్త మట్టీ గడ్డీ కలిపి తొక్కి గవాచిని మెత్తి మూసేసింది. ఆ సాయంత్రానికి గది వెచ్చబడింది. ఊళ్ళో కనిపించినవాళ్ళందరికీ, మా అల్లుడు మిషను వైద్యుడు అని చెప్పుకుంది. మా బావ ఆ చలికాలమంతా బాగా ఉన్నాడు. చర్చి పిల్లలు డోలక్ తెచ్చి అతని మంచం పక్కన వాయిస్తే తాళం తప్పినప్పుడల్లా నాలుకతో చప్పుడు చేసి సరిదిద్దేవాడట. ఆ నాలుగు నెలల్లో నేను చూసినంత సంతోషం ఆ ఇంట్లో అంతకుముందు కూడా చూడలేదు.

ఎండలు ముదిరాక కథ మారింది. మధ్యాహ్నాలు ఏసీ ఆగిపోతోందనీ, లోపలి ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే వస్తోందనీ ఊరి టెలిఫోను బూత్ నుంచి మా షాపుకు ఫోను వచ్చేది. నేను మర్నాడు పొద్దున రైలెక్కి డోన్‌లో దిగి, అక్కడి నుంచి దొరికిన బండి పట్టుకుని పోయేవాణ్ణి. నేను పోయేసరికి అది బ్రహ్మాండంగా పనిచేస్తూ ఉండేది. నడిమధ్యాహ్నం దాకా, సాయంత్రం దాకా కూర్చుని చూసినా ఆగేది కాదు. మా వృత్తిలో ఇంతకు మించిన నరకం లేదు. చెడిపోయినదాన్ని బాగుచేయవచ్చు గానీ మన ఎదుట చెడిపోనని మొండికేసినదాన్ని ఏం చేస్తాం? గ్యాసు చూశాను, సరిపోయింది. కెపాసిటర్ అనుమానంగా ఉంటే మార్చాను. ఆ ఊరి ఓల్టేజీ మధ్యాహ్నాలు పడిపోతుందని అందరికీ తెలిసిందే గనుక పెద్ద స్టెబిలైజర్ తెచ్చి పెట్టాను, స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు సన్నగా ఉందని మందమైనది లాగించాను. ప్రతిసారీ ఇక ఆగదనే ధైర్యంతో తిరిగివచ్చేవాణ్ణి, మళ్ళీ ఫోను వచ్చేది. ఏసీ ఆగిన మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి బావ ఒంటికి తడిగుడ్డలు వేసి విసనకర్రలతో విసిరేవారట. అలా కొన్ని మధ్యాహ్నాలు అతన్ని గట్టెక్కించారు. అతని కళ్ళ కింద నల్లగా గుంటలు పడటం నేను వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను.

ఒకసారి మా అత్త నాకు సంగటి కలపడానికి లోపలికి వెళ్ళినప్పుడు బావను అడిగాను, ఆగే ముందు ఏదైనా చప్పుడు వినిపిస్తుందా అని. పడుకున్నవాడి చెవికంటే మంచి పనిముట్టు లేదని నా ఆశ. చప్పుడేమీ లేదన్నాడు. నవ్వుతూ ఇంకో మాట అన్నాడు.

“మా యమ్మ పైన తిరుగుతానే ఉంటాది రా. మట్టి రాలుతాంటే ఆయమ్మ ఈడనే ఉండాదని నాకు ధైర్యం.”

మట్టి మిద్దె మీదికి ఆడవాళ్ళు రోజుకు పదిసార్లు ఎక్కుతారు, మిరపకాయలు ఆరబెట్టుకుంటారు, పప్పులు ఎండబెట్టుకుంటారు. ఆ మాట నాకు తల్లి మీది ప్రేమగానే వినిపించింది. అందులో ఇంకేం వినాలి?

మే నెలలో ఒక మధ్యాహ్నం షాపుకు ఫోను వచ్చింది. ఈసారి ఏసీ గురించి కాదు. ఏసీ ఆగిపోయిందట, తడిగుడ్డలు పనిచేయలేదట, ఒళ్ళు పట్టుకుంటే చేయి కాలేంతగా వేడెక్కి మాట తడబడిందట, జీపులో ఎక్కించుకుని బయల్దేరితే డోన్ రైల్వే గేటు చేరకముందే ప్రాణం పోయిందట. ఊరి నుంచి అక్కడిదాకా తల అత్త ఒడిలోనే ఉందట. ఫోను పెట్టేశాక నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తు లేదు. మేస్త్రి నన్ను బస్సు ఎక్కించి టికెట్టు తీసి ఇచ్చాడన్నది మాత్రం గుర్తుంది.

మరునాడు చర్చి వెనక సమాధుల తోటలో బావను పెట్టి వచ్చాం. జనమంతా వసారాలో కూర్చుని పాటలు పాడుతుంటే నేను ఉండలేక మిద్దె ఎక్కాను. ఈసారి నేను వస్తున్నానని ఎవరూ ఎదురుచూడలేదు గదా, పైన ఏదీ సర్దిపెట్టి లేదు. బయటి పెట్టె కనిపించలేదు. దానికి నాలుగు వైపులా గోనెపట్టలు మూడు పొరలుగా, పెట్టె కొలతకు సరిగ్గా, దబ్బనంతో కుట్టి తొడిగి ఉన్నాయి. అంచులు పాత చీర పేలికలతో ముడివేసి ఉన్నాయి. పక్కనే నీళ్ళ బిందె, చెంబు. చేయి పెట్టి చూస్తే అడుగు పొరల్లో ఇంకా కాస్త చెమ్మ ఉంది. వేడి పారబోయవలసిన ఆ పెట్టెకు ఊపిరి పీల్చుకోవడానికి వేలెడు సందు లేదు. విప్పి చూస్తే లోపల రేకుల మీద తెల్లటి పొర పేరుకుని ఉంది. ఇంతకుముందు అక్కడక్కడా ఆ తెలుపు చూసినప్పుడు మిద్దె మీది చౌడు గాలికి లేచి పడిందనుకున్నాను. అది ఆ ఊరి నీళ్ళలోని ఉప్పు.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. మా అత్త మెట్లెక్కి వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నా చేతిలోని గోనెపట్టను చూసి, దాన్ని దాచుకోవలసిన అవసరమేదీ లేనట్టు, మామూలుగా చెప్పింది.

“వాని మంటంతా ఇదే మోస్తాండాది గదా నాయనా. జరమొచ్చినోనికి తడిగుడ్డ ఏసినట్ల ఏసినా. నువ్వొస్తే ఇప్పి సూడాల గదా అని ముందే తీసిపెడతాంటి.”

అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. నేను వస్తున్నానని తెలిసిన ప్రతిసారీ ఆమె పొద్దున్నే లేచి గోనెపట్టలు తీసి, మడిచి, మిద్దె ఊడ్చి పెట్టేది. అందుకే నా ఎదుట అది ఎన్నడూ ఆగలేదు. నేను వెనక్కి రాగానే మళ్ళీ కప్పేది. ఎండ ముదిరిన కొద్దీ పొరలు పెంచింది, బిందెల మీద బిందెలు నీళ్ళు మోసింది. నీళ్ళ కుండకు తడిగుడ్డ చుడతామని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? ఆమెకు అది చెప్పవలసిన సంగతే కాదు. బావకు ధైర్యమిచ్చిన ఆ అడుగుల చప్పుడు ఇదే.

“ఇంత జేసినా ఎందుకు ఆగిపాయ నాయనా?” అని అడిగింది.

కింద వసారాలో పాట సాగుతూనే ఉంది. నేను గోనెపట్టను పిట్టగోడ మీద వేసి, కరెంటత్తా, ఓల్టేజీ సాలక ఆగిపాయ అన్నాను. ఆమె తల ఊపి, కొంగు నోట్లో కుక్కుకుని మెట్లు దిగింది. ఆ అబద్ధం గురించి నాకు ఈ రోజుకూ పశ్చాత్తాపం లేదు.

అయితే అబద్ధానికి కూడా మోసేవాడొకడు కావాలి. బావ కోసం చర్చిలో జరిపిన ఆదరణ కూడిక నాటి నుంచి మా అత్త కరెంటువాళ్ళను తిట్టడం మొదలుపెట్టింది. నా కొడుకును మింగిన తీగెలని స్తంభాలకేసి చూసి శాపాలు పెట్టేది, ప్రార్థన మధ్యలో కరెంటు పోతే లేచి నిలబడి తిట్టేది. ఆ ఊరి లైన్‌మెన్ నెమ్మదస్తుడు, తల వంచుకుని పోయేవాడు, తర్వాత తర్వాత వాళ్ళ వీధిలోకి రావడమే మానేసి చుట్టూ తిరిగి పోయేవాడు. నేను ఊరికి వెళ్ళినప్పుడు అతను ఎదురైతే పలకరించలేకపోయేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం వచ్చేసరికి పాస్టరయ్యకు గుండె జబ్బు ముదిరింది. చర్చి పక్క గదిలో మంచం పట్టాడు, ఉక్కపోతకు ఆయాసం ఆగేది కాదు. ఆ మిషను సంఘం సొమ్ముతో వచ్చింది, సంఘానికే పోనీ అని మా అత్త తానే అడిగి ఇప్పించింది. దాన్ని విప్పి అక్కడ బిగించే పని నాకే వచ్చింది. రేకుల మీది ఉప్పునంతా కడిగి, గొట్టాలు కొత్తవి వేసి, గ్యాసు నింపి, ఆ గది మిద్దె మీద నిలబెట్టాను. అన్నీ సరిచూసుకుని చెమట తుడుచుకుంటుండగా మా అత్త మెట్లెక్కి వచ్చింది. చంకలో బిందె ఉంది, భుజాన ఆ గోనెపట్ట ఉంది. ఏడాది పాటు దాన్ని ఉతికి, మడిచి, దాచిపెట్టుకుంది. బిందెలో ముంచి, పెట్టెకు తొడగబోయింది.

నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. కింద పాస్టరయ్య దగ్గు వినిపిస్తూనే ఉంది. కప్పొద్దత్తా అన్నాను. దుమ్ము పడదా అంది. పడినా ఫర్వాలేదు, దీన్ని కప్పకూడదన్నాను. ఆమె గోనెపట్టను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది, నీళ్ళు కారి ఆమె పాదాల చుట్టూ మట్టి తడిసింది. అప్పుడు నా ముఖంలోకి చూసి, చాలా మెల్లగా అడిగింది.

“ఎండకాలం గూడానా, నాయనా?”

ఆ ప్రశ్న ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఓల్టేజీ అని ఇంకోసారి అనడానికి వీల్లేదు, కింద మరో మనిషి ప్రాణం ఉంది. నేను చేతిలోని రెంచీ వైపు చూస్తూ, ఎండకాలం అసలే కప్పగూడదత్తా అన్నాను.

ఆమె గోనెపట్టను ఒక్కొక్క కొసా పట్టి పిండింది, మంచం మీది దుప్పటి మడిచినంత జాగ్రత్తగా మడిచింది, బిందెను అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది. నేను వెంట పోలేదు.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆ విషయం తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏసీ ఉన్న ఆ గదిలోకి మాత్రం ఎన్నడూ అడుగుపెట్టలేదు, పాస్టరయ్యను చూడవలసివస్తే గుమ్మం బయట ఎండలోనే నిలబడి పలకరించేది. ఆ ఎండాకాలం నడుమ నేను మళ్ళీ సర్వీసింగ్‌కు పోయినప్పుడు ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. అలవాటు ప్రకారం అందరూ ఆమె వైపు చూశారు. ఎవరో ఆమె తరఫున కరెంటువాళ్ళను తిట్టబోతే ఆమె చేయెత్తి ఆపి, కరెంటోళ్ళను ఏమీ అనొద్దండప్పా అంది. నేను సాయంత్రం బయల్దేరబోతూ వాళ్ళ వీధి మలుపు తిరిగితే, మా అత్త ఇంటి వసారాలో ఆ లైన్‌మెన్ కూర్చుని ఉన్నాడు. ఆమె అతనికి చెంబుతో మజ్జిగ పోస్తోంది. నన్ను చూసి కూడా చూడనట్టే ఇంకో చెంబు తేవడానికి లోపలికి పోయింది.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. బావ పక్కనే పెట్టారు. ఆ ఊళ్ళో ఇప్పుడు మట్టి మిద్దెలు ఒకటో రెండో ఉన్నాయేమో, అన్నీ సిమెంటు కప్పులే, గవాచి అంటే పిల్లలకు తెలియదు. చాలా ఇళ్ళకు ఏసీలు వేలాడుతున్నాయి, ఆగిపోతే ఏం జబ్బో అదే తన ముఖం మీద అంకెలేసి చూపిస్తుంది. వచ్చే మెకానిక్కు ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారో తెలియదు, మనకు అతని పేరు తెలియదు. మంచిదే, ఆ అంకెలు ఆనాడే ఉండి ఉంటే మా బావ ఇంకొన్నాళ్ళు బతికేవాడు. అందుకని పాతరోజులే బాగున్నాయని మీలాగా నాలాగా వయసు మళ్ళినవాళ్ళు అంటుంటే నేను మాట కలపలేను. అలాగని కాదనీ అనలేను.

పక్కింటి అబ్బాయి దగ్గరికి నిన్న మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరవకుండా, ఆ పెట్టె ఏం మోస్తుందో, దానికి గాలి ఎందుకు కావాలో కూర్చుని చెప్పాను. ఓపికగా విని, నా ఎదుటే గోనెపట్ట విప్పేశాడు. ఎందుకు కట్టావయ్యా, కరెంటు మిగులుతుందనేనా అని అడిగితే సిగ్గుపడుతూ, లోపల భార్యకు నెలలు నిండాయనీ, ఉక్కకు నిద్రపోవడం లేదనీ చెప్పాడు. నేను లేచి వచ్చేశాను.

మధ్యాహ్నాలు మా గది చల్లగానే ఉంటుంది. పడుకుని కప్పు వైపు చూస్తుంటాను. గట్టి కప్పు, తెల్లగా సున్నం వేసి ఉంది, మట్టి రాలదు, పైన ఎవరైనా నడిచినా వినిపించదు. నా కోసం ఇప్పుడు ఎవరూ నడవరనుకోండి. అయినా ఒక్కోసారి చెవి ఒగ్గి పడుకుంటాను.